తీర్పునకును చెల్లింపునకును నడుమ

పనిలో ప్రమాదము కలిగి చేయి పోగొట్టుకొనిన శ్రామికునకు నష్టపరిహారము చెల్లింపవలసినదని కమిషనరు ఆజ్ఞాపించెను. యజమాని హైకోర్టునకు అప్పీలు చేసెను. అప్పీలు తేలువరకు ఆ సొమ్ము ఎవరి చేతిలో నుండవలెను? వినుటకిది గుమాస్తాలు తేల్చదగిన చిన్న ప్రశ్నవలె నుండును. కాని చేయి పోయినవాని యింట పొయ్యి వెలుగుట ఈ ప్రశ్నపైననే ఆధారపడియుండును. భారతదేశపు శ్రామిక శాసనములలో దీనికి 1933లో ఒక సమాధానము, 1959లో మరియొకటి, 2017లో ఇంకొకటి లభించినవి. ఎనుబదినాలుగేండ్ల ఈ కథలో మహాసమ్మెలు లేవు, ఊరేగింపులు లేవు. కొలది పంక్తుల సెక్షను ఒకటి, అందు 'నిలుపవచ్చును', 'నిలుపవలెను' అను రెండు క్రియలు మాత్రమే కలవు.

ఆ సెక్షను పుట్టుటకు పూర్వము ప్రమాదమునకు గురియైన కూలివాని స్థితి ఎట్లుండెడిదో కొంత తెలిసికొనవలెను. ఇంగ్లండునందు 1837లో ఒక మాంసపు వర్తకుని కొలువులోని కుఱ్ఱవాడు, మితిమీరిన బరువు వేసిన బండి విరిగిపడి గాయపడి, యజమానిపై దావా వేసెను. ప్రీస్ట్లీ - ఫౌలరు వ్యాజ్యమని న్యాయశాస్త్ర విద్యార్థులందఱును చదువుకొను వ్యాజ్యమిదియే. కుఱ్ఱవాడు ఓడిపోయెను. పనిలో చేరినవాడు ఆ పనిలోని అపాయములను తెలిసియే చేరినాడనియు, తోడి పనివాని పొరపాటునకు యజమాని బాధ్యుడు కాడనియు వాదములు దానినుండి పెరిగి, అరువది యేండ్లపాటు శ్రామికుల దారికి అడ్డుగోడలై నిలిచినవి. చనిపోయినవాని హక్కు వానితోనే చచ్చునను పాతసూత్రము వీనికి తోడు. మన దేశమున 1855 నాటి మరణప్రమాదముల చట్టము ఆ పాతసూత్రమును కొంత సడలించి, మృతుని భార్యాబిడ్డలకు దావా వేయు హక్కు నొసగినది. కాని తప్పు యజమానిదేయని రుజువు చేయు భారము వారి నెత్తిపైననే యుండెను. మిల్లు యంత్రములో నలిగిపోయినవాని భార్య, ఆ యంత్రమున కంచె లేకపోవుటను సివిలు కోర్టులో ఎవరి సాక్ష్యముతో రుజువు చేయగలదు? మిల్లులో పనిచేయువారు మిల్లు యజమానికి వ్యతిరేకముగా సాక్ష్యము చెప్పుదురా?

జర్మనీలో బిస్మార్కు కాలమున, 1884లో, ప్రమాదపు బీమా చట్టము వచ్చెను. ఇంగ్లండులో జోసఫ్ చేంబర్లేను పూనికవలన 1897లో వర్క్‌మెన్స్ కాంపెన్సేషను చట్టము వచ్చెను. తప్పెవరిదను ప్రశ్నను ప్రక్కకు నెట్టి, ప్రమాదము పనిలో కలిగినదా లేదా అని మాత్రమే విచారించుట ఈ చట్టముల క్రొత్తదనము. విఱిగిన యంత్రమును బాగుచేయు ఖర్చు ఎట్లు వ్యాపారపు ఖర్చో, విఱిగిన మనిషిని ఆదుకొను ఖర్చును అట్లే వ్యాపారపు ఖర్చని దాని భావము.

ఆ తరహా చట్టము భారతదేశమునందు 1923లో ఎనిమిదవ చట్టముగా శాసింపబడి, 1924 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. శ్రామికుడు చనిపోయినచో ముప్పది నెలల జీతము గాని రెండువేల ఐదువందల రూపాయలు గాని, ఏది తక్కువయైన నది వాని ఆశ్రితులకు చెల్లవలెను. శాశ్వతముగా పూర్తిగా పనికి అశక్తుడైనచో నలువదిరెండు నెలల జీతము గాని మూడువేల ఐదువందలు గాని, ఏది తక్కువయైన నది చెల్లవలెను. తగాదా తీర్చుటకు సివిలు కోర్టులకు మారుగా కమిషనరులు నియమింపబడిరి. మరణ సందర్భములందు యజమాని డబ్బును విధవరాలి చేతికి నేరుగా ఇచ్చుట చట్టము ఒప్పుకొనలేదు. కమిషనరు వద్ద జమకట్టవలెను. ఆయన ఆశ్రితులను విచారించి పంచవలెను. స్త్రీలకును మైనరులకును రావలసిన సొమ్మును పోస్టాఫీసు సేవింగ్సు బ్యాంకులోనో ప్రభుత్వపు కాగితములలోనో మదుపుచేయు అధికారమును ఆయనకు కలదు. వేలిముద్ర వేయించుకొని పదో పరకో చేతిలో పెట్టి పంపివేయు యజమానుల తీరు నెరిగియే శాసనకర్తలు ఈ కట్టుబాటు చేసిరి. డబ్బు కమిషనరు చేతిగుండా నడచుట మంచిదే. కాని డబ్బు ఆగిపోవుటకు అనువైన చోటును అదియే యైనది.

ఈ చట్టము మొదటినుండియు తెలుగువారికి అన్యమైనది కాదు. రైళ్లు, ఓడరేవులు, గనులు, ఫ్యాక్టరీలు, తంతి కంబములెత్తు పనులు దాని పరిధిలోనివి. బెంగాలు నాగపూరు రైల్వేలో వాల్తేరునుండి పైకి పనిచేసిన తెలుగు పనివాండ్రెందఱో! అప్పటికి బర్మా కూడ బ్రిటిషిండియాలోని భాగమే గనుక రంగూను రేవులో ఓడలకు సరకులెత్తిదించు తెలుగు కూలీలకును ఇదియే చట్టము. 1937లో బర్మా వేరైపోయిన తరువాత కూడ అచ్చట ఈ చట్టము 'ఇండియా ఎనిమిదవ చట్టము, 1923' అను పేరుతోనే నిలిచియుండుట ఒక వింత. నైజాము రాజ్యములోని సింగరేణి గనులకు మాత్రము ఇది వర్తింపలేదు. బ్రిటిషిండియా శాసనము గోదావరి ఆవలిగట్టుననే ఆగిపోయెను.

ప్రమాదము ఎచ్చట జరిగెనో అచ్చటి కమిషనరే విచారింపవలెనని 1923 నాటి నియమము. గంజాము జిల్లా పల్లెలోనో గోదావరి లంకలోనో ఉన్న ఇల్లాలికి, భర్త రంగూను రేవులో ఓడ అడుగున పడి చనిపోయినచో, తన అర్జీ సముద్రము దాటవలెను. సొమ్మును ఒక కమిషనరు మరియొక కమిషనరునకు పంపుటకు వీలుండెను గాని, విచారణ అచ్చటనే. ఆశ్రితులు తాము నివసించు చోటనే అర్జీ పెట్టుకొను సదుపాయము 1995 సవరణతో గాని రాలేదు. అప్పటికి రంగూను పోయిన కూలీల మనుమలు కూడ వృద్ధులైరి.

ఇక అప్పీలు సంగతి. కమిషనరు తీర్పుపై హైకోర్టునకు పోవు హక్కును 30వ సెక్షను ఇచ్చెను. గడువు అరువది దినములు. న్యాయసంబంధమైన ముఖ్యప్రశ్న యుండవలెను. వివాదములోని మొత్తము మూడువందల రూపాయలకు తక్కువ కాకూడదు. అప్పీలు వేసినవాడు ముందుగా సొమ్ము కట్టవలెనను నియమము మాత్రము మొదట లేదు. యజమానికి ఓడిన దినమునను చేతిలో సొమ్మున్నది, అప్పీలు నడుచు దినములందును చేతిలో సొమ్మున్నది. అవతలి వ్యక్తికి తీర్పు కాగితమొక్కటే యున్నది.

1929లో నియమితమైన శ్రామికవిషయక రాయల్ కమిషను, ఇంగ్లండు కామన్సు సభకు పూర్వము స్పీకరుగా నుండిన విట్లీ అధ్యక్షతన దేశమంతయు తిరిగి, 1931లో నివేదిక సమర్పించెను. శ్రీనివాస శాస్త్రిగారు, ఎన్.ఎం. జోషిగారు అందలి సభ్యులు. నష్టపరిహారపు చట్టము పరిధి పెంచవలెననియు, మొత్తములు హెచ్చింపవలెననియు ఆ కమిషను చేసిన సూచనల ననుసరించి 1933లో సవరణ చట్టము వచ్చెను. చట్టము చివర నాలుగవ షెడ్యూలుగా ఒక పట్టిక చేరెను. అందు కడపటి తరగతివాడు, అనగా నెలకు పది రూపాయలు మించని జీతగాడు, మరణించినచో ఐదువందల రూపాయలు. మరణపరిహారమున గరిష్ఠమొత్తము నాలుగువేలు.

ఆ సవరణయే అప్పీలు విషయమున రెండు మార్పులు తెచ్చెను. మొదటిది శ్రామికునకు మేలు చేయునది. తీర్పు ప్రకారము చెల్లింపవలసిన మొత్తమును తనవద్ద జమకట్టినట్లు కమిషనరు ఇచ్చిన సర్టిఫికెట్టు లేనిదే యజమాని అప్పీలు చెల్లదు. సగము కాదు, పాతిక కాదు, మొత్తము. అనంతర కాలమున మోటారు వాహనముల చట్టము 1988లో వచ్చినప్పుడు, ట్రిబ్యునలు అవార్డుపై అప్పీలు చేయువాడు ఇరువదియైదువేలు గాని సగము గాని, ఏది తక్కువయైన నది కట్టిన చాలునని 173వ సెక్షనులో చెప్పబడినది. దానితో పోల్చినచో 1933 నాటివారు ఎంత గట్టిగా నిలిచిరో తెలియును.

రెండవ మార్పు 30-ఏ అను క్రొత్త సెక్షను. యజమాని అప్పీలు చేసినచో, అది తేలువరకు తనవద్ద జమయైన సొమ్ము చెల్లింపును కమిషనరు నిలుపవచ్చును. హైకోర్టు ఆదేశించినచో నిలుపవలెను. ఇంతకు మించి ఆ సెక్షనులో ఏమియు లేదు. ఎంతకాలము నిలుపవలెనో లేదు. ఏ పరిస్థితులలో నిలుపవలెనో లేదు. ఇంటిలో తిండిగింజలు లేనివారికి కొంతయైన నీయవలెనను మాట లేదు. ముందు సెక్షనులో యజమాని చేతినుండి సొమ్ము లాగికొనిన చట్టము, వెనుక సెక్షనులో దానిని నడిదారిలో నిలుపుటకు తాళముచెవి ఇచ్చినది.

అట్లు చేయుటకు కారణము లేకపోలేదు. కూలివాని చేతికి వెళ్లిన సొమ్ము తిరిగి రాదు. బాకీలు తీర్చును, బిడ్డ పెండ్లి చేయును, గేదెను కొనును. మూడేండ్ల తరువాత హైకోర్టు యజమాని పక్షమున తీర్పిచ్చినచో ఆ సొమ్మును ఎవరినుండి రాబట్టవలెను? రాబట్టలేని పక్షమున అప్పీలు హక్కు పేరునకు మాత్రమే మిగులును. యజమానులందఱును కోటీశ్వరులు కారు. రెండు బియ్యపు మిల్లులున్నవాడును యజమానియే, ఒక్క లారీ ఉన్నవాడును యజమానియే. ఈ వాదమును తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. ఐనను ఇందు ఒక లెక్క వదలివేయబడినది. డబ్బు తిరిగి రాదేమోయను నష్టమును చట్టము గుర్తించెను గాని, డబ్బు ఆగుటవలన కలుగు నష్టమును అది గుర్తింపలేదు.

ఆ రెండవ నష్టమెట్టిదో దృష్టాంతముగా లెక్క వేయవచ్చును. 1933 పట్టిక ప్రకారము ఐదువందల రూపాయలు రావలసిన విధవరాలు, సొమ్ము వచ్చువరకు ఇల్లు గడుపుకొనుటకు నూరు రూపాయలు అప్పు చేసినదనుకొందము. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ పల్లెలలో అన్యాయపు వడ్డీగా ఎంచబడునది కాదు. అప్పీలు మూడేండ్లు నడిచినచో, వడ్డీకి వడ్డీ కట్టకున్నను, డెబ్బదిరెండు రూపాయలు వడ్డీ. ఆమె అప్పీలు గెలిచెను! వచ్చిన ఐదువందలలో నూటడెబ్బదిరెండు షావుకారునకు పోవును. తీర్పులో ఒక్క దమ్మిడీయు తగ్గలేదు. ఆమె పరిహారములో మాత్రము మూడవవంతు కరిగిపోయెను. ఇక ఆ మూడేండ్లలో అప్పు పుట్టనివారు కోర్టులో సగమునకు రాజీపడుట సహజమే. అప్పీలులో గెలువలేని యజమాని ఆలస్యముచేత గెలుచు మార్గమిది.

ప్రభుత్వ శాఖలు ఈ కథకు వెలుపలివి కావు. ప్రభుత్వ శాఖ తరఫున జరుగు పనియు ఈ చట్టమునకు వ్యాపారముగానే లెక్కింపబడవలెనని రెండవ సెక్షను స్పష్టపఱచెను. కావున రోడ్డుపై కంకర కొట్టువానికిని, తంతి కంబమెక్కువానికిని సర్కారే యజమాని. ఫైలు నడక ఎరిగినవారికి ఇందలి చిక్కు చెప్పనక్కరలేదు. అప్పీలు చేయదగునని నోటు వ్రాసిన ఉద్యోగిని ఎవరును ఏమియు అనరు. చేయనక్కరలేదని వ్రాసినవానిని ఆడిటువారు ఏనాడైనను ప్రశ్నింపవచ్చును. జమకట్టిన సొమ్ము తన జేబులోనిది కాదు. ఎవరి దుర్బుద్ధియు లేకయే ఒక అప్పీలు పుట్టును. పుట్టినది తన కాలము తాను తీసికొనును.

30-ఏ మాటలు ఎంత సౌకర్యముగా తోచినవనగా, స్వతంత్ర భారతమున 1948లో ఉద్యోగుల రాజ్యబీమా చట్టము వచ్చినప్పుడు అవే మాటలు అందులో 83వ సెక్షనుగా వెలసినవి. కార్పొరేషను హైకోర్టునకు అప్పీలు చేసినచో బీమా కోర్టు చెల్లింపును నిలుపవచ్చును, హైకోర్టు ఆదేశించినచో నిలుపవలెను. బీమా పద్ధతిలో శ్రామికుడు యజమాని గుమ్మమున నిలువనక్కర లేకపోవుట గొప్ప మేలే. నిలుపుదల మాత్రము పాత ఇంటినుండి క్రొత్త ఇంటికి సామానుతోపాటు వచ్చి చేరెను.

తీర్పు వచ్చియు సొమ్ము చేతికి రాకపోవుట ఎట్టి రాజకీయ సంక్షోభమునకు దారితీయునో 1954లో దేశము చూచినది. అది ప్రమాద పరిహారపు సంగతి కాదు. బ్యాంకు ఉద్యోగుల జీతముల తగాదా. అప్పటి శ్రామికాప్పీలు ట్రిబ్యునలు ఇచ్చిన నిర్ణయమును కేంద్రప్రభుత్వము మార్చినప్పుడు, కేంద్ర శ్రామిక మంత్రిగా నుండిన వి.వి. గిరిగారు పదవికి రాజీనామా ఇచ్చిరి. బెంగాలు నాగపూరు రైల్వే పనివాండ్ర నడుమ పెరిగిన నాయకుడాయన. వివాదము పాలైన అవార్డు కార్మికుని యింటివరకు చేరుటలోని కష్టమును కాగితముపై కాక కళ్లతో చూచినవాడు.

1959లో రెండవ సమాధానము వచ్చెను. ఆ యేటి ఎనిమిదవ చట్టము 4-ఏ అను సెక్షనును చేర్చినది. పరిహారము చెల్లవలసిన సమయము రాగానే చెల్లింపవలెను. బాధ్యత పూర్తిగా ఒప్పుకొనని యజమాని, తాను ఎంతవరకు ఒప్పుకొనునో అంతవరకైనను వెంటనే చెల్లింపవలెను. మిగిలినదానిపై తగాదా పడవచ్చును. ఒక నెలలోగా చెల్లింపనిచో నూటికి సంవత్సరమునకు ఆరు రూపాయల వడ్డీయు, ఆలస్యమునకు తగిన కారణము లేనిచో అసలులో సగమునకు మించని అదనపు మొత్తమును కమిషనరు విధింపవచ్చును. ఆలస్యమునకు ధర కట్టుట ఈ చట్టములో ఇదియే మొదలు. ఆరు రూపాయల వడ్డీయనగా నూటికి నెలకు అర్ధరూపాయి. పైని చెప్పిన విధవరాలు షావుకారునకు నెలకు రెండు రూపాయలు కట్టుచుండగా చట్టము ఆమెకు అర్ధరూపాయి ఇప్పించుచున్నదన్న మాట! సగమువరకు పెనాల్టీ యన్న భయమే ఆ సెక్షనుకు బలము. 1995లో వడ్డీ పండ్రెండునకు హెచ్చి, విధింపక తప్పనిదైనది. పల్లె భాషలో అప్పటికి అది రూపాయి వడ్డీ యైనది.

కాని, చెల్లింపవలసిన సమయము వచ్చుట యననేమి? ప్రమాదము జరిగిన దినమా, కమిషనరు తీర్పు చెప్పిన దినమా? ఆలస్యమునకు కట్టిన ధరయంతయు ఈ ప్రశ్నలో ఇమిడియున్నది. తీర్పు దినమునుండియే యైనచో తీర్పు వచ్చువరకు సాగదీసినవానికి నష్టము లేదు.

ఈ ప్రశ్న తేలినది జయపురము కథలో. ఇప్పుడు ఒడిశాలోని కోరాపుట్టు జిల్లాకు చెందిన ఆ జయపురము 1936 వరకు చెన్నపట్టణపు రాజధానిలో, విశాఖపట్టణము జిల్లా ఏజెన్సీలో నుండినదే. తెలుగువారి రాకపోకలు అచ్చట నేటికిని కలవు. ఆ ఊర ఒక సినిమాహాలులో అలంకారపు చెక్కపని చేయుచుండిన వడ్రంగి 1968 జూలై 6న పైనుండి పడిపోయెను. ఎడమచేయి తీసివేయవలసివచ్చెను. 1969 మే నెలలో కమిషనరు తొమ్మిదివేల ఎనిమిదివందల రూపాయల పరిహారమును, దానిపై సగము పెనాల్టీని, ఆరు రూపాయల వడ్డీని విధించెను. మొత్తము పదునైదువేలు దాటినది. యజమాని ఒరిస్సా హైకోర్టులో రిట్టు వేసి ఓడిపోయి, ప్రత్యేకానుమతితో సుప్రీము కోర్టునకు వెళ్లెను.

అచ్చట యజమాని పక్షమున ముఖ్యముగా రెండు వాదములు వినవచ్చినవి. ఒక్క చేయి పోయినంత మాత్రమున పూర్తిగా అశక్తుడైనట్లు కాదనునది ఒకటి. వడ్రంగి ఒంటిచేతితో ఉలిని ఎట్లు పట్టును, సుత్తిని ఎట్లు ఎత్తును? కోర్టు ఆ వాదము నంగీకరింపలేదు. రెండవది, కమిషనరు తేల్చువరకు పరిహారము చెల్లవలసినదే కాలేదు గనుక పెనాల్టీ చెల్లదనునది. నలుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 1975 డిసెంబరులో దానిని కూడ త్రోసివేసి, గాయము తగిలిన నాడే పరిహారము చెల్లవలసినదైనదని నిర్ణయించెను. యజమాని తన బాధ్యత తానుగా లెక్కించి ఒప్పుకొనినంత చెల్లింపవలసియుండగా ఆ ప్రయత్నమే చేయలేదని ఆక్షేపించెను. వడ్రంగి పడిన నాటినుండి ఈ మాట వచ్చువరకు ఏడేండ్ల ఐదు నెలలు గడచినవి.

ఇంత స్పష్టముగా తేలిన సంగతి మరల చిక్కుపడుట న్యాయస్థానముల చరిత్రలో అరుదు కాదు. లారీలు, బస్సులు పెరిగినకొలది డ్రైవర్లు, క్లీనర్ల ప్రమాదముల వ్యాజ్యములు పెరిగినవి. వానిలో యజమానికి బదులు బీమా కంపెనీ నిలిచెను. వడ్డీ బీమా కంపెనీ భరింపవలెను గాని పెనాల్టీ యజమాని స్వంత తప్పునకు శిక్ష గనుక యజమానియే భరింపవలెనని సుప్రీము కోర్టు 1997లో చెప్పినది. 2007లో ఇద్దఱు న్యాయమూర్తుల ధర్మాసనమొకటి జయపురపు తీర్పును చూడకయే వడ్డీ కమిషనరు తీర్పు నాటినుండియే యని పలికెను. బీమా కంపెనీలు దానిని పట్టుకొని అప్పీలుమీద అప్పీలు వేసినవి. 2012లో సుప్రీము కోర్టే ఆ తికమకను విడదీసి, నలుగురు న్యాయమూర్తుల మాటయే ప్రమాణమని, లెక్క ప్రమాదపు నాటినుండియేనని తేల్చెను. నడుమనున్న ఐదేండ్లలో వడ్డీ కోల్పోయినవారికి ఆ విడదీతవలన ఒరిగిన దేమియు లేదు.

ఇదియంతయు జరుగుచుండ 30-ఏ తన స్థానమున తానుండెను. ఒక ప్రక్క 4-ఏ ఆలస్యమునకు వెల కట్టుచుండగా, మరియొక ప్రక్క 30-ఏ ఆలస్యమునకు అనుమతి పత్రమిచ్చుచుండెను. యజమాని సొమ్ము కట్టివేసినాడు గనుక తప్పు ఆయనది కాదు. హైకోర్టు ఆదేశము గనుక కమిషనరుది కాదు. వ్యాజ్యములు అసంఖ్యాకములు గనుక హైకోర్టుది కాదు. న్యాయసంఘము 1974లో తన 62వ నివేదికలోను, 1989లో 134వ నివేదికలోను ఈ చట్టమును పరిశీలించినది. 2009లో సవరణ వచ్చి, 'వర్క్‌మన్' అను మాట పోయి 'ఎంప్లాయీ' అను మాట వచ్చినది. కమిషనరు మూడు నెలలలో విచారణ ముగింపవలెనను గడువును ఏర్పడినది. హైకోర్టునకు గడువు లేదు. మూడు నెలలలో వచ్చిన తీర్పు మూడేండ్లు నిలిచిపోవుటకు 30-ఏ అప్పటికిని అడ్డు చెప్పలేదు.

చివరకు 2016 ఆగస్టు 5న లోకసభలో ఒక చిన్న బిల్లు ప్రవేశపెట్టబడెను. ప్రవేశపెట్టినవారు అప్పటి కేంద్ర శ్రామిక మంత్రి బండారు దత్తాత్రేయగారు, సికిందరాబాదు సభ్యులు. ఉద్యోగమున చేర్చుకొనునప్పుడే పరిహారపు హక్కును గూర్చి యజమాని లిఖితముగా తెలుపవలెననియు, అప్పీలుకు కనీస మొత్తము మూడువందలనుండి పదివేలకు పెంచవలెననియు, 30-ఏ సెక్షనును తొలగింపవలెననియు అందలి ముఖ్యాంశములు. పదివేలకు లోబడిన తగాదాలలో అప్పీలే లేకుండపోవుట కూడ ఆలస్యమును తగ్గించు ఉపాయమే. ఐతే ఆ మెట్టు యజమానికొక్కనికే కాదు, శ్రామికునకును వర్తించును. తనకు తొమ్మిదివేలు తక్కువ వచ్చినదని తలచిన శ్రామికుడు హైకోర్టు గడప త్రొక్కలేడు. బిల్లు చట్టమై 2017 మే 15న అమలులోనికి వచ్చెను. 1933లో పుట్టిన సెక్షను ఎనుబదినాలుగవ యేట చట్టపు పుటలనుండి పోయినది.

పోయినదనగా సొమ్ము ఆగుటయే నిలిచిపోయినదని కాదు. అప్పీలు వినుచున్న హైకోర్టునకు తీర్పు అమలును నిలుపు సహజాధికారము ఏ సవరణతోను తీసివేయబడలేదు. భేదమెచ్చట నున్నదనగా, నిలుపవలసినదని కోరువాడు ఇక కారణము చూపవలెను. శాసనమే తన తరఫున మాటాడుచున్నదని చెప్పుకొనుటకు వీలులేదు. కమిషనరు తనకు తానుగా పెట్టె తాళము వేయుటకును ఆధారము లేదు.

ఇక 1923 నాటి చట్టమునకు మారుగా 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ఏర్పడెను. ఆ స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. ఉద్యోగుల రాజ్యబీమా చట్టమును దాని పరిధిలోనికే చేరినది. 2017 సవరణ పరిహారపు చట్టమునకు సంబంధించినది మాత్రమే యగుటచేత, 30-ఏ తొలగిన పిదప కూడ ఆ మాటలతోనే వెలసిన 83వ సెక్షను బీమా చట్టమున చెక్కుచెదరక యుండెను. దానిని తొలగింపవలెనని ఆనాటి బిల్లులో లేదు.